కారు సైలెన్సర్ మార్చాలనుకుంటున్నారా? షాపుకు వెళ్లే ముందు ఇంట్లో తేల్చుకోవాల్సిన లెక్కలు

కొడుకు చేతికి కారు తాళం వచ్చిన కొన్నాళ్లకే చాలా ఇళ్లలో ఒక వాదన మొదలవుతుంది. "బండి బాగానే ఉంది అబ్బా, సౌండే లేదు. సైలెన్సర్ మారిస్తే పికప్ కూడా పెరుగుతుందట" అని కొడుకు అంటాడు. "బాగున్నదాన్ని కోసి పారేయడం దేనికి? రేపు పోలీసులు ఆపితే బండి నా పేరు మీద ఉంది" అని తండ్రి అంటాడు. తల్లి దిగులు వేరే. రాత్రి పదకొండుకు గల్లీలోకి ఆ చప్పుడుతో బండి వస్తే ఎదురింటి పెద్దాయన నిద్ర ఏం కావాలి?

ముగ్గురి మాటల్లోనూ నిజం ఉంది. కానీ షాపు కౌంటర్ దగ్గర ఈ మూడింటినీ కలిపి చెప్పేవాళ్లు తక్కువ. అక్కడ చూపించేది ఫోన్‌లో ఒక వీడియో, ఆ వీడియోలో ఒక చప్పుడు, అంతే. ఎగ్జాస్ట్ మార్చడమంటే ఏం మారుతుంది, ఎంత లాభం, ఏది చట్టం ఒప్పుకోదు అన్నది ముందే తెలిస్తే డబ్బూ మిగులుతుంది, పరువూ మిగులుతుంది.

సైలెన్సర్ అంటే ఒక్క డబ్బా కాదు

కారు వెనక కనిపించే గొట్టం చివరి ముక్క మాత్రమే. ఇంజిన్ నుంచి అక్కడి దాకా ఒక వరస ఉంటుంది. మొదట సిలిండర్ల నుంచి వచ్చే వేడి గాలిని ఒక చోటికి చేర్చే మ్యానిఫోల్డ్. టర్బో ఉన్న కారైతే ఆ తర్వాత టర్బో, దాని వెనక డౌన్‌పైప్. ఆ దగ్గర్లోనే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని 'క్యాట్' అంటారు. దాని తర్వాత చప్పుడులో కొన్ని స్వరాలను మాత్రం తగ్గించే రెజొనేటర్, చివరగా మిగతా మోతను మింగే మఫ్లర్, ఆ తర్వాత బయటికి కనిపించే టిప్.

ఈ వరసలో అసలు విలువైనది క్యాట్. దాని లోపల తేనెపట్టు లాంటి గదుల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. ఇంజిన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలకుండా మిగిలిన ఇంధనపు ఆవిరిని, నైట్రోజన్ ఆక్సైడ్‌లను అది చాలా వరకు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, నైట్రోజన్‌లుగా మార్చేస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 కార్లలో క్యాట్‌కు ముందొకటి, తర్వాతొకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. క్యాట్ పని చేస్తోందా లేదా అని రెండోది కాపలా కాస్తుంటుంది. క్యాట్ తీసేస్తే డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతుంది. "ఆ లైటు రాకుండా చేస్తాం" అని ఎవరైనా అంటే, రోగం తగ్గించకుండా థర్మామీటర్ విరగ్గొడతామన్నట్టే.

షాపులో వినిపించే నాలుగు మాటలు

మొదటిది టిప్ మార్పు. కేవలం అందం కోసం. గొట్టం చివర మెరిసే తొడుగు వేస్తారు. చప్పుడు దాదాపు మారదు, పవర్ అసలే మారదు.

రెండోది యాక్సిల్-బ్యాక్. అంటే వెనక ఇరుసు తర్వాత ఉండే మఫ్లర్, టిప్ మాత్రమే మార్చడం. చప్పుడు మారుతుంది. పవర్ విషయంలో తేడా ఉందీ లేనట్టే.

మూడోది క్యాట్-బ్యాక్. క్యాట్ తర్వాత నుంచి చివరి దాకా గొట్టం, రెజొనేటర్, మఫ్లర్ అన్నీ మార్చడం. క్యాట్ జోలికి పోరు. చప్పుడు బాగా మారుతుంది. పవర్ పెరిగినా కొద్దిగానే.

నాలుగోది డౌన్‌పైప్ లేదా హెడర్. ఇంజిన్‌కు దగ్గరగా ఉన్న భాగం మార్చడం. చాలాసార్లు ఇందులో క్యాట్‌ను తీసేయడమో, తక్కువ అడ్డు ఉండే క్యాట్ పెట్టడమో జరుగుతుంది. నిజమైన పవర్ వచ్చేది ఇక్కడే. కాలుష్యపు నిబంధనలు, వారంటీ తెగిపోయేదీ ఇక్కడే.

షాపువాళ్లు "ఫుల్ సిస్టమ్" అన్నారంటే ఈ నాలుగింటిలో ఏవేవి అందులో ఉన్నాయో కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాటగా ఒప్పుకుంటే క్యాట్ పోయిన సంగతి నెలల తర్వాత పొల్యూషన్ చెకింగ్‌లోనే తెలుస్తుంది.

చప్పుడు పెరిగితే పవర్ పెరిగినట్టేనా?

కాదు. అందరూ పడే భ్రమ ఇదే. చెవికి మోత ఎక్కువైతే కాలికి వేగం ఎక్కువైనట్టు అనిపిస్తుంది. స్టాప్‌వాచ్ పట్టుకుంటే ఆ తేడా కనిపించదు.

ఇంజిన్ ఒక పంపు లాంటిది. గాలి లోపలికి లాగాలి, కాలిన గాలి బయటికి తోసేయాలి. బయటికి పోయే దారిలో అడ్డు తగ్గితే ఇంజిన్‌కు శ్రమ తగ్గుతుంది. ఇంతవరకు నిజమే. కానీ ఈ కాలపు కార్లలో కంపెనీ ఇచ్చిన గొట్టం ఆ ఇంజిన్‌కు సరిపడేలా లెక్కగట్టి చేసినదే. చివరి డబ్బా మారిస్తే వచ్చే లాభం ఒకటి రెండు శాతం దాటడం అరుదు. 120 హార్స్‌పవర్ ఇంజిన్ మీద రెండు శాతమంటే రెండున్నర లోపే. ఏసీ ఆన్ చేస్తే ఇంజిన్ మీద పడే భారం అంతకన్నా ఎక్కువ.

గొట్టం ఎంత లావైతే అంత మంచిదన్నదీ పొరపాటే. టర్బో లేని ఇంజిన్‌లో ఒక సిలిండర్ నుంచి దూసుకుపోయే గాలి తన వెనక కాస్త ఖాళీని వదులుతుంది. ఆ ఖాళీ తర్వాతి సిలిండర్ నుంచి గాలిని లాగుతుంది. గొట్టం మరీ లావైతే గాలి వేగం తగ్గి ఈ లాగుడు బలహీనపడుతుంది. ఫలితంగా తక్కువ ఆర్‌పీఎం దగ్గర, అంటే సిటీ ట్రాఫిక్‌లో రోజూ నడిపే చోటే, బండి బరువెక్కినట్టు ఉంటుంది.

టర్బో కారు లెక్క కొంచెం వేరు. అక్కడ టర్బో తర్వాత అడ్డు ఎంత తక్కువుంటే అంత మేలు. డౌన్‌పైప్ మార్చి, దానికి తగ్గట్టు ఇంజిన్ కంప్యూటర్‌లో కొత్త ప్రోగ్రాం వేస్తే చెప్పుకోదగ్గ పవరే వస్తుంది. కానీ ఆ పవర్ క్లచ్ మీద, గేర్‌బాక్స్ మీద, టర్బో మీద భారం వేస్తుంది. అవి పాడైతే కంపెనీ చేతులెత్తేస్తుంది. వచ్చిన పవర్‌లో ఎక్కువ భాగం కంప్యూటర్ మార్పుదే అన్న సంగతి షాపువాళ్లు చెప్పరు.

డెసిబెల్ లెక్క, హైవే మీద తలనొప్పి

చప్పుడును డెసిబెళ్లలో కొలుస్తారు. ఇది మామూలు కూడిక కాదు. 3 డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. 10 పెరిగితే మనిషి చెవికి మోత రెండింతలైనట్టు వినిపిస్తుంది. కాబట్టి "ఎనిమిది పదే కదా పెరిగేది" అన్న షాపు మాటకు అర్థం, మీ ఇంటి ముందు ఆగేది ఒక కారు, వీధికి వినిపించే మోత మాత్రం దాదాపు రెండింతలు అని.

ఇంకో బాధ షాపు దగ్గర తెలియదు, ప్రయాణంలో తెలుస్తుంది. దాన్ని 'డ్రోన్' అంటారు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 2,400 సార్లు తిరుగుతుంటే సెకనుకు 80 సార్లు లోపల మంట రేగుతుంది. అదే లెక్కన గొట్టం గుండా ఒక మందమైన హోరు వస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద వేగంలో నిలకడగా వెళ్లేటప్పుడు చాలా కార్లు ఈ ఆర్‌పీఎంకు అటూ ఇటూగానే ఉంటాయి. ఆ హోరు క్యాబిన్ లోపల గుయ్యిమని నిలిచిపోతుంది. పావుగంట షౌక్‌గా ఉంటుంది. హైదరాబాద్ నుంచి కర్నూలు చేరేసరికి వెనక సీట్లో కూర్చున్న అమ్మీకి తలనొప్పి, పసిపిల్లకు ఏడుపు. కంపెనీ పెట్టిన రెజొనేటర్ పని ఈ హోరును ఆపడమే. "అది వేస్ట్, తీసేద్దాం" అన్న సలహాను అందుకే వినకూడదు.

కొనే ముందు అదే మోడల్ కారుకు అదే ఎగ్జాస్ట్ వేయించుకున్నవాళ్లను వెతికి, నిలబెట్టి రేస్ చేసి కాదు, హైవే మీద అరగంట కూర్చుని చూడాలి.

లోహం, వెల్డింగ్, ప్రాణం

మామూలు ఇనుముతో చేసిన గొట్టం చౌక. వానాకాలం నీళ్లకు, లోపల చేరే తేమకు త్వరగా తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 409 రకం పైకి కాస్త తుప్పు రంగుకు తిరిగినా గట్టిగా నిలుస్తుంది, చాలా కార్ల కంపెనీలు వాడేది అలాంటిదే. 304 రకం ఇంకా మెరుగ్గా తుప్పును ఆపుతుంది, ధర ఎక్కువ. టైటానియం తేలిక, ధర మాత్రం లక్షల్లో. అది నిజమైన స్పోర్ట్స్ కార్ల సరుకు, హ్యాచ్‌బ్యాక్‌కు అక్కర్లేదు.

లోహం కన్నా ముఖ్యం వెల్డింగ్. అతుకు దగ్గర సన్నని పగులున్నా కార్బన్ మోనాక్సైడ్ కారు కిందే బయటికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది క్యాబిన్‌లోకి చేరితే ముందు తలనొప్పి, మత్తు, ఆ తర్వాత స్పృహ పోతుంది. గొట్టాన్ని వెనక దాకా తీసుకెళ్లకుండా మధ్యలోనే పక్కకు తిప్పి వదిలేయడం ఇందుకే ప్రమాదం. గొట్టం బంపర్ ప్లాస్టిక్‌కు, ఇంధన ట్యాంకుకు, వైర్లకు ఎంత దూరంలో ఉందో, కంపెనీ పెట్టిన వేడి కవచాలు మళ్లీ బిగించారో లేదో బండిని లిఫ్ట్ మీద ఎక్కించి కళ్లతో చూడాలి.

చట్టం ఏమంటోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రకారం ప్రతి వాహనానికీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలి. మామూలు ప్యాసింజర్ కారుకు తయారీ దశలో పెట్టిన శబ్ద పరిమితి 74 డెసిబెళ్లు. మఫ్లర్ తీసేసిన కారు ఆ పరీక్షలో నిలవదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో శిక్షలు పెరిగాయి. 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. 190వ సెక్షన్ కింద, శబ్దం, వాయు కాలుష్యం నిబంధనలు దాటిన బండిని రోడ్డు మీద నడిపితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్స్ మీద వేటు.

ఈ సెక్షన్‌లో తల్లిదండ్రులు గమనించాల్సిన మాట ఒకటుంది. నడిపినవాడే కాదు, 'నడపనిచ్చినవాడు' కూడా అందులోకి వస్తాడు. ఆర్‌సీ మీద అబ్బా పేరుంటే, బండి అబ్బాయి నడిపినా జవాబు చెప్పాల్సింది ఇద్దరూ. బుల్లెట్ బండికి ఫట్‌ఫట్ సైలెన్సర్ పెట్టినా ఇదే లెక్క. మన నగరాల్లో పట్టుబడిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కించిన దృశ్యాలు చాలామంది చూసే ఉంటారు. వేలు పోసి కొన్నది అలా రేకుముక్క అవుతుంది.

షాపులో గొట్టం మీద 'ఈ' అక్షరం, దాని పక్కన అంకె ఉన్న గుర్తు చూపించి "ఇది అప్రూవ్డ్ భాయ్" అంటారు. అది యూరప్‌లో చెల్లే ఆమోదం, అదీ ఏ మోడల్‌కు ఇచ్చారో ఆ మోడల్‌కే. ఇక్కడ పోలీసు ముందు అది ఒక్కటే చూపిస్తే సరిపోదు. కారు కంపెనీయే తన షోరూమ్‌లో, బిల్లుతో, ఆ మోడల్‌కు ఆమోదం పొందిన యాక్సెసరీగా ఇచ్చేదైతేనే నిశ్చింత.

గల్ఫ్‌లో ఉన్న అన్నయ్యలు, మామయ్యలు అక్కడి కార్ల వీడియోలు పంపుతుంటారు. అక్కడ అంతా చెల్లుతుందనుకోవద్దు. యూఏఈలో మోత చేసే వాహనం నడిపితే 2,000 దిర్హాముల జరిమానా, 12 బ్లాక్ పాయింట్లు. 24 పాయింట్లు చేరితే లైసెన్స్ ఆగిపోతుంది. ఉద్యోగమే డ్రైవింగ్ మీద ఆధారపడినవాళ్లకు అదంటే జీతం ఆగినట్టే.

వారంటీ, ఇన్సూరెన్స్

మఫ్లర్ మార్చినంత మాత్రాన కారు వారంటీ మొత్తం పోదని షాపులు అంటాయి. ప్రతి కంపెనీ వారంటీ పుస్తకంలో మార్పుల గురించి ఒక పేజీ ఉంటుంది, దాన్ని చదివాకే మాట్లాడాలి. ఇంజిన్, టర్బో, సెన్సర్లకు సంబంధించిన క్లెయిమ్ వచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ మొదట చూసేది బయటి పార్టులేమైనా ఉన్నాయా అనే.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకా సూటి. బండిలో చేసిన మార్పును కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకుండా దాచి, రేపు బండి కాలిపోతే, ఆ మార్పును కారణంగా చూపి సొంత నష్టం క్లెయిమ్‌ను తిరస్కరించే వీలుంటుంది. ఈఎంఐ ఇంకా నడుస్తున్న కారైతే కుటుంబం నెత్తిన అప్పు ఒక్కటే మిగులుతుంది.

స్పోర్ట్స్ కారు కంపెనీయే చప్పుడు తగ్గించిన కథ

ఫోర్డ్ ముస్టాంగ్ అంటే వీ8 ఇంజిన్ గర్జనకు పేరు. అమెరికాలో ఆ కంపెనీ ఇంజినీరింగ్ విభాగానికి పెద్దగా పనిచేసిన ఒకాయన తన ముస్టాంగ్‌ను ఇంటి ముందు స్టార్ట్ చేస్తే, పొరుగువారు పోలీసులకు ఫోన్ చేశారు. ఆయన కోప్పడలేదు, ఆలోచించాడు. 2018 మోడల్‌కు కంపెనీ 'క్వయెట్ స్టార్ట్' అనే సదుపాయం తెచ్చింది. గొట్టంలో తెరుచుకుని మూసుకునే వాల్వులు ఉంటాయి. తెల్లవారుజాము, రాత్రి గంటలు ముందే సెట్ చేసి పెడితే ఆ సమయంలో స్టార్ట్ చేసినా చప్పుడు సుమారు 10 డెసిబెళ్లు తగ్గుతుంది. దానికి వాళ్లు పెట్టుకున్న ఇంకో పేరు 'మంచి పొరుగువాడి మోడ్'.

ఖరీదైన ఎగ్జాస్ట్ అంటే మోతెక్కించేది కాదు, కావాలన్నప్పుడు మోతను మూసేయగలిగేది. స్పోర్ట్స్ కారు కొనే స్థోమత ఉన్నవాళ్లు బయటి షాపు గొట్టం కన్నా, కంపెనీయే వాల్వులున్న ఎగ్జాస్ట్‌ ఇచ్చే వేరియంట్ ఎంచుకోవడం మేలు. అంత బడ్జెట్ లేనివాళ్లకు హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ లాంటివి ఉన్నాయి. వాటికి ఫ్యాక్టరీలోనే కాస్త గంభీరమైన స్వరం ఇచ్చి, జంట టిప్‌లు పెట్టి పంపుతారు. చలాన్ భయం లేదు, వారంటీ చెక్కుచెదరదు.

షాపులో అడగాల్సినవి

క్యాట్, రెండు ఆక్సిజన్ సెన్సర్లు ఉన్నచోటే ఉంటాయా? రెజొనేటర్ ఉంచుతారా? గొట్టాన్ని కోస్తారా, లేక కంపెనీ బోల్టుల దగ్గరే విప్పి బిగిస్తారా? కోయకుండా బిగించేదైతేనే రేపు పాతది తిరిగి పెట్టే దారి ఉంటుంది. పాత పార్టులు మూటగట్టి ఇస్తారా? బిల్లులో పార్టు పేరు, లోహం రకం, గ్యారంటీ రాస్తారా? బిగించాక పొల్యూషన్ టెస్ట్ పాసయ్యే బాధ్యత వాళ్లదేనా? అనుమతి కాగితం ఏదీ లేకుండా "ఏం కాదులే, అందరూ వేయించుకుంటున్నారు" అన్నదే జవాబైతే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే తెలివి.

నిజంగా కావాల్సింది వేగం అయితే దానికి వేరే చోటుంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరు దగ్గర కారీ స్పీడ్‌వేలో రేస్ ట్రాక్‌లు ఉన్నాయి. నేర్పే బడులూ ఉన్నాయి. అక్కడ ఒక రోజు శిక్షణకయ్యే ఖర్చు చాలాసార్లు ఒక మంచి ఎగ్జాస్ట్ ఖర్చు కన్నా తక్కువే. నేర్చుకున్న బ్రేకింగ్ జీవితాంతం పనికొస్తుంది. రోడ్డు మీద బండి చురుగ్గా ఉండాలంటే సమయానికి సర్వీస్, శుభ్రమైన ఎయిర్ ఫిల్టర్, కొత్త స్పార్క్ ప్లగ్‌లు, మంచి టైర్లు, సరైన గాలి. ఇవి చేయించిన బండికీ, చేయించనిదానికీ ఉన్న తేడా మఫ్లర్ తెచ్చే తేడా కన్నా ఎక్కువగానే తెలుస్తుంది.

అబ్బాయి షౌక్‌ను కొట్టిపారేయనక్కర్లేదు. బండి మీద ప్రేమ ఉన్న కుర్రాడు దాన్ని బాగా చూసుకుంటాడు కూడా. కాకపోతే ఆ ముచ్చటకు ఇంట్లో మూడు షరతులు పెట్టుకుంటే గొడవ ఉండదు. క్యాట్ ముట్టుకోకూడదు, కాగితం లేనిది బిగించకూడదు, గల్లీలోకి వచ్చాక ఆ బండి వచ్చినట్టు ఎదురింటికి తెలియకూడదు. ఈ మూడింటికీ నిలిచే ఎగ్జాస్ట్ దొరికితే వేయించుకోవచ్చు. దొరకలేదంటే కంపెనీ గొట్టమే ఉంచి, ఆ డబ్బుతో నాలుగు మంచి టైర్లు వేయించాలి. వాన పడ్డ రోడ్డు మీద సడన్ బ్రేక్ వేసినప్పుడు ఇంటిల్లిపాదినీ కాపాడేది ఆ టైర్లే.